తాత తెచ్చిన బర్మా నోట్లు: అమ్మాలా, గోడకు పెట్టాలా, దాచాలా?

దేవరకొండ దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పుతుంటే, తాత ట్రంకుపెట్టె అడుగున పద్నాలుగు నోట్లు దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు ఆయన బర్మా నుంచి తెచ్చినవి. “అమ్మేద్దాం” అన్నాడు చిన్నాయన. “లామినేషన్ చేయించి హాల్లో పెడదాం” అన్నాడు తమ్ముడు. నాకు రెండూ నచ్చలేదు.

వాటిలో పన్నెండు జపాన్ వాళ్లవి. 1942లో బర్మాను పట్టుకున్నాక వాళ్లు అక్కడి కోసం రూపాయి నోట్లే అచ్చేశారు. మీద ‘ది జపనీస్ గవర్నమెంట్’ అని ఇంగ్లీషులో ఉంటుంది. వరుస నంబరు ఉండదు, ‘బి’తో మొదలయ్యే అక్షరాలుంటాయి. బి అంటే బర్మా. మలయా నోట్లకైతే ‘ఎం’. మన దగ్గర అణాలు నడిచిన రోజుల్లో వీటి చిల్లర నోట్ల మీద సెంట్లని ఉండటం ఇంకో వింత. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగి రాగానే ఇవన్నీ చిత్తుకాగితాలయ్యాయి. మిగిలిన రెండూ ఆరో జార్జి బొమ్మ ఉన్న ఇండియా నోట్లు. వాటి మీద ఎర్ర సిరాతో బర్మా సైనిక పాలన ముద్ర, బర్మాలో మాత్రమే చెల్లుతుందన్న మాట.

నాయినమ్మ ఉన్నప్పుడు ఒకసారి అడిగాను. “చెల్లేటివైతే ఇన్నేండ్లు పెట్టెల ఉంటయా బిడ్డా?” అంది. తాత తెచ్చిన కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ ఇండియా డబ్బు, ఎడ్లకూ బావికీ పోయాయి. దాదాపు ఏడు హాలీ సిక్కాలు (నిజాం రూపాయలు) పెడితేగాని ఆరు కల్దార్లు రాని కాలం; అలాంటి డబ్బును పెట్టెలో ఎవరు పెడతారు?

అమ్మకం సంగతి ముందు చూద్దాం. హైదరాబాద్‌లో పాత నాణేల దుకాణానికి తీసుకెళ్లాను. జపాన్ నోట్లు కుప్పలుగా అచ్చయినవి, సిపాయిలు గుర్తుగా తెచ్చుకున్నవి కూడా చాలానే ఉన్నాయట. పన్నెండింటికీ కలిపి ఆయన చెప్పిన ధర మా బస్సు చార్జీలకు సరిపోతుంది. ఎర్ర ముద్ర నోట్లను మాత్రం భూతద్దం పెట్టి చూశాడు. అమ్మాలంటే అవే అమ్మాలి, అదీ రెండు మూడు చోట్ల అడిగాకే. పాత నోటుకు లక్షలిస్తామంటూ ముందు కమిషన్ అడిగేవాళ్ల జోలికి పోవద్దు. తన పేరు వాడుకుని అలా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

జపాన్ పది రూపాయల నోటొకటి చూసి ఆయన మొహం చిట్లించాడు. దాని మీద ఆరు పేర్లున్నాయి, ఉర్దూలో, గురుముఖిలో, ఒకటి తెలుగులో. అప్పట్లో సైనికులు తోటివాళ్ల చేత నోట్ల మీద సంతకాలు పెట్టించుకునేవారు. “రాతలుంటే రేటు పడిపోతుంది సార్” అన్నాడు. ఆ ఒక్కటి మాత్రం ఎంతిచ్చినా ఇవ్వకూడదని అక్కడే అనుకున్నాను.

లామినేషన్ అన్నిటికంటే చెడ్డది. వేడికి ప్లాస్టిక్ అంటుకున్నాక విప్పాలంటే నోటు చిరుగుతుంది. ఫ్రేమ్ కట్టి తగిలిస్తే వెలుతురుకు పెన్ను సిరా వెలిసిపోతుంది. మా హాల్లోకి పడమటెండ నేరుగా వస్తుంది, ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. తమ్ముడి ముచ్చట తీరాలంటే కలర్ జిరాక్స్ తీసి దానికి ఫ్రేమ్ కడితే సరి.

దాచడంలోనూ తిప్పలున్నాయి. చవక ఆల్బమ్‌ల పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగురు కక్కి కాగితాన్ని పాడుచేస్తాయి. పాలిస్టర్ కవర్లు కొనాలి. తాత గుచ్చిన గుండుసూది అప్పటికే తుప్పు మరక వేసింది, మెల్లగా తీశాను. మడతలు పోవాలంటే ఇస్త్రీ చెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు, చేతులెత్తి దండం పెట్టాను. చిరిగినచోట సెల్లోటేపు కూడా వద్దు.

నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియానికి ఇద్దామని అక్క అంది. చెడ్డ ఆలోచన కాదు. కానీ తాత ఎవరో, ఎక్కడ పనిచేశాడో కాగితం మీద రాసి జత చెయ్యకపోతే అక్కడా అవి ఉత్త పాత నోట్లే. ఆ కాగితం ఇంట్లో ఉంచుకున్నా రాయాల్సిందే కాబట్టి ముందు అదే మొదలుపెట్టాను.

ఇప్పటికి జపాన్ నోట్లు తలా ఒకటి పంచుకున్నాం. సంతకాల నోటు నా బీరువాలో ఉంది. తెలుగు పేరు సగం మడతలో చెరిగిపోయింది, పక్కన ‘మిర్యాలగూడ’ అని మాత్రం తెలుస్తోంది. హాల్లో జిరాక్స్ వేలాడుతోంది. వచ్చినవాళ్లు దాన్నే అసలు నోటనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. చిన్నాయన వాళ్లను ఆపడం లేదు.