ఆటల ఫొటోలకు ఆటో ఐఎస్ఓనా, చేత్తో పెట్టిన ఐఎస్ఓనా: ఏది మేలు?

క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్, ఏది తీసినా ఈ చర్చ మాత్రం తప్పదు: ఐఎస్ఓని, అంటే వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకెని, కెమెరాకి వదిలేయాలా, మనమే ఒక అంకె పెట్టుకోవాలా? కొందరు ఆటో ఐఎస్ఓ అనగానే ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళ పని అన్నట్టు చూస్తారు, ఇంకొందరేమో ఈ రోజుల్లో ఐఎస్ఓ చేత్తో ఎవరు పెడుతున్నారండీ అంటారు. రెండు వాదనలూ అసలు ప్రశ్న అడగట్లేదని నా అభిప్రాయం. మీరు నిలబడ్డ చోట మారుతున్నది ఏది? ఆటగాడి మీద పడే వెలుతురు మారుతోందా, లేక వెలుతురు అలాగే ఉండి వెనక బ్యాక్‌గ్రౌండ్ మారుతోందా? వెలుతురు మారుతుంటే ఆటో ఐఎస్ఓ పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ మారుతుంటే చేత్తో పెట్టండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే ఉంటుంది.

ఆటల్లో షటర్ స్పీడ్ దగ్గర, అంటే షటర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్న దగ్గర, బేరం లేదు. పరుగెత్తే పిల్లలకైనా 1/1000 సెకను కావాలి, ఫాస్ట్ బౌలర్ చేతిలోంచి బంతి వదిలే క్షణానికి 1/2000, బ్యాడ్మింటన్ స్మాష్‌కి 1/1600 దాకా. కబడ్డీలో 1/800తో సర్దుకోవచ్చు. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, కూడా దాదాపు ఖాయమే, ఎందుకంటే వెలుతురు ఎప్పుడూ చాలదు, పైగా వెనక ఫ్లెక్సీలూ పార్క్ చేసిన బైకులూ కనపడకుండా మసకబారాలి, కాబట్టి లెన్స్ ఎంత తెరుచుకుంటే అంతా తెరుస్తాం. ఈ రెండూ బిగించేశాక కదలడానికి మిగిలేది ఐఎస్ఓ ఒక్కటే.

దీనికి జనం వాడే దారులు మూడు. మాన్యువల్ మోడ్‌లో షటర్, అపర్చర్ మనం పెట్టి ఐఎస్ఓ ఆటోలో ఉంచడం. మూడూ మనమే పెట్టడం. అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షటర్ కెమెరా చూసుకునే మోడ్) ఉండి, ఆటో ఐఎస్ఓ మెనూలో కనీస షటర్ స్పీడ్ ఇంత ఉండాలని చెప్పడం. షటర్ మనం పెడితే అపర్చర్ కెమెరా చూసుకునే షటర్ ప్రయారిటీ కూడా ఉంది కానీ మంచి ఎండలో అది అపర్చర్‌ని ఎఫ్8, ఎఫ్11 దాకా (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) మూసేస్తుంది, వెనకున్న చెత్తంతా స్పష్టంగా పడుతుంది, అందుకే దాని జోలికి నేను పోను.

మొదటి దారి ఎక్కడ బతికిస్తుందో చూడాలంటే సాయంత్రం నాలుగింటికి ఏదైనా స్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళండి. ఒక పక్క వేపచెట్ల నీడో బిల్డింగ్ నీడో పిచ్ మీదికి పాకుతూ ఉంటుంది. బౌలర్ రన్నప్ నీడలో మొదలుపెట్టి ఎండలోకి వచ్చి బంతి వేస్తాడు, ఫీల్డర్ ఎండలోంచి నీడలోకి పరుగెత్తి క్యాచ్ పడతాడు. ఎండకీ నీడకీ తేడా సుమారు 3 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కీ వెలుతురు రెట్టింపు లేదా సగం), అంటే 1/2000, ఎఫ్4 దగ్గర ఎండలో 200 సరిపోయే ఐఎస్ఓ నీడలో 1600 కావాలి. బౌలర్ ఆ గీత దాటడానికి అర సెకను కూడా పట్టదు, ఆ అర సెకనులో మీ బొటనవేలు డయల్‌ని 3 స్టాప్‌లు తిప్పగలదా? ఎంత చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫర్‌కైనా అది కుదిరే పని కాదు. కెమెరా మాత్రం ప్రతి ఫ్రేమ్‌కీ ముందు లెక్క చూసుకుంటుంది. ఇక ఐదున్నర దాటాక చూస్తుండగానే వెలుతురు పడిపోతుంటుంది, ఆఖరి ఓవర్ల టెన్షన్‌లో ఉన్నప్పుడు మధ్యమధ్య వెలుతురు కొలిచే మీటర్ చూసుకుని ఐఎస్ఓ పెంచుకోవడం గుర్తుండదు. ఇలాంటి చోట చేత్తో పెట్టేవాళ్ళకి సగం ఫొటోలు నల్లగానో తెల్లగానో వస్తాయి, అది మొండితనానికి కట్టే మూల్యం.

ఇంకో లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మనలో చాలామంది దగ్గర ఉండేది ఎఫ్2.8 లెన్స్ కాదు, 55-250 లాంటి ఎఫ్4 నుంచి 5.6 జూమ్. ఆ లెన్స్‌ని లాగేకొద్దీ అపర్చర్ తనంతట తనే చిన్నదవుతుంది, ఆ చివరికి వెళ్ళేసరికి సరిగ్గా ఒక స్టాప్ పోతుంది. మూడూ చేత్తో పెట్టుకున్నవాళ్ళు దగ్గరి ఫీల్డర్‌ని తీసి వెంటనే బౌండరీ దాకా జూమ్ చేస్తే, వెలుతురు ఏమీ మారకపోయినా ఫొటో ముదురుగా వస్తుంది. ఆటో ఐఎస్ఓ ఆ స్టాప్‌ని అడక్కుండానే పూడ్చేస్తుంది. ఖరీదైన లెన్స్ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహాల్లో ఈ మాట వినపడదు.

ఇప్పుడు లోపలికి వద్దాం. ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది.

గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనో విశాఖ పోర్ట్ స్టేడియంలోనో ప్రో కబడ్డీ లాంటి మ్యాచ్ ఊహించుకోండి. మ్యాట్ మీద లైటింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, మ్యాచ్ అయ్యేదాకా మారదు. కానీ మ్యాట్ చుట్టూ ఎల్ఈడీ బోర్డులుంటాయి. రైడర్ బోనస్ లైన్ మీదికి కాలు చాచిన క్షణంలో వెనక బోర్డు మీద తెల్లటి ప్రకటన వెలిగిందనుకోండి, మీటర్ అబ్బో ఎంత వెలుగో అనుకుని ఐఎస్ఓని 1600కి దించేస్తుంది, రైడర్ మొహం మసిబొగ్గులా పడుతుంది. మరో రెండు ఫ్రేమ్‌ల తర్వాత అదే బోర్డు ముదురు నీలానికి మారితే ఐఎస్ఓ 5000కి ఎగురుతుంది, అదే మొహం తెల్లగా పాలిపోతుంది. రైడర్ మీద పడే వెలుతురు మాత్రం అప్పటికీ ఇప్పటికీ చుక్క మారలేదు. ఒకే బర్స్ట్‌లో (బటన్ నొక్కి పట్టి వరసగా తీసినప్పుడు) పది ఫ్రేముల్లో పది రకాల మొహాలు వచ్చాక ఒక్కోదాన్నీ విడిగా సరిచేసుకుంటూ కూర్చోవాలి. ఐఎస్ఓ 3200 దగ్గర బిగించి ఉంటే పదీ ఒకేలా ఉండేవి, ఒకటి సరిచేసి మిగతా వాటికి అదే అతికిస్తే సరిపోయేది.

ఫ్రేములో ఒక చిన్న చుక్కలోని వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెడితే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు. ఆ చిన్న చుక్క ఒక ఫ్రేములో తెల్ల జెర్సీ నంబర్ మీద, తర్వాతి ఫ్రేములో నల్ల షార్ట్స్ మీద పడుతుంది, గెంతులు ఇంకా పెరుగుతాయి. కదిలే మనిషికి ఫ్రేమంతా చూసి కొలిచే మ్యాట్రిక్స్, ఎవాల్యుయేటివ్ లాంటివే నయం.

ఇండోర్‌లో నేను చేసేది చెబుతాను. మ్యాచ్ మొదలవకముందు వార్మప్‌లో మ్యాట్ లేదా కోర్ట్ మధ్యలో ఉన్న ఆటగాడి మొహం మీద నాలుగైదు టెస్ట్ ఫ్రేములు, తర్వాత నాలుగు మూలల్లోనూ తలా ఒకటి. హిస్టోగ్రామ్‌లో (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా చూపే గ్రాఫ్‌లో) తెల్ల జెర్సీ కుడి గోడకి తగలకుండా, మొహం మధ్యకి కాస్త కుడిగా ఉండేలా ఐఎస్ఓ సర్దుతాను. మామూలు అకాడమీ హాల్లో 1/800, ఎఫ్2.8 దగ్గర అది 3200కీ 6400కీ మధ్య ఎక్కడో తేలుతుంది. ఒకసారి పెట్టాక మ్యాచ్ అయ్యేదాకా ముట్టుకోను, కళ్ళూ మనసూ ఆట మీదే ఉంటాయి. చేత్తో పెట్టడం కష్టం అనుకునేవాళ్ళు గమనించాల్సింది ఇదే: వెలుతురు మారని చోట అదే తేలిక.

సంక్రాంతికి ఊళ్ళలో రాత్రిపూట జరిగే కబడ్డీ టోర్నమెంట్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, అసలు తలనొప్పి అక్కడే. నాలుగు స్తంభాలకి నాలుగు ఫ్లడ్‌లైట్లు, మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి, వెనకంతా నల్లటి రాత్రి. వెలుతురూ సమంగా లేదు, బ్యాక్‌గ్రౌండూ మోసం చేస్తుంది. ఆటో ఐఎస్ఓ ఆ రాత్రి నలుపు చూసి దాన్ని వెలిగించబోయి ఆటగాళ్ళ మొహాల్ని తెల్లగా కాల్చేస్తుంది. నేనైతే ఇక్కడా చేత్తోనే పెడతాను, కారణం ఆటలోనే ఉంది: రైడ్‌కి ఉండేది 30 సెకన్లు, పట్టుకోవడాలూ పెనుగులాటలూ ఎక్కువగా జరిగేది కోర్టులో అడ్డంగా గీసే బాక్ లైన్‌కీ బోనస్ లైన్‌కీ అటూ ఇటూ. ఎక్స్‌పోజర్ ఆ జాగాకి సరిచేస్తే కావలసిన ఫొటోల్లో ఎక్కువ శాతం దక్కుతాయి, మూలలో జరిగినవి తర్వాత కంప్యూటర్‌లో కాస్త లేపుకోవచ్చు, అందుకే సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉంచే రా (RAW) ఫైల్ తీయండి. ఆటోనే కావాలంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే ఫొటో ఎంత వెలుగ్గానో ముదురుగానో రావాలో చెప్పే సెట్టింగ్) మైనస్ 1 దగ్గర ఉంచి చూడండి.

లైట్ల సంగతి ఇంకొకటి చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత ట్యూబ్‌లైట్లూ మెటల్ హాలైడ్ దీపాలూ చవక ఎల్ఈడీలూ సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. కంటికి తెలియదు కానీ 1/1000 దగ్గర కెమెరా ఆ చక్రంలో పదో వంతునే పట్టుకుంటుంది, అది పైన దొరికితే ఫ్రేము వెలుగ్గా, కింద దొరికితే ముదురుగా, రంగు కూడా కాస్త తేడాగా వస్తుంది. చాలామంది దీన్ని ఆటో ఐఎస్ఓ తప్పు అనుకుంటారు, ఐఎస్ఓ బిగించాక కూడా అలాగే వస్తుంటే కంగారుపడతారు. దీనికి మందు వేరే ఉంది: యాంటీ ఫ్లికర్ ఆప్షన్. 2014లో కానన్ 7డీ మార్క్ 2తో, 2016లో నికాన్ డీ500తో వచ్చింది, ఆ తర్వాత వచ్చిన చాలా కెమెరా బాడీల్లో ఉంది. వెలుగు పైన ఉన్న క్షణం కోసం షటర్ ఆగుతుంది కాబట్టి బర్స్ట్ వేగం కొంచెం తగ్గొచ్చు, అయినా ఆన్ చేయండి. అది లేని బాడీ అయితే ఐఎస్ఓ ఆటోలో ఉంచకండి, లైట్ ఊగిసలాటకి మీటర్ ఊగిసలాట తోడైతే ఏది దేనివల్ల వచ్చిందో తేలదు.

మూడో దారి, అపర్చర్ ప్రయారిటీతో కనీస షటర్ స్పీడ్, ఎండలో చాలా బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎఫ్2.8, 1/1000 పెట్టి మాన్యువల్‌లో ఆటో ఐఎస్ఓ వాడితే ఐఎస్ఓ 100కి దిగి ఇక దిగలేక ఆగిపోతుంది, ఫొటో ఒకటిన్నర స్టాప్‌కి పైగా కాలిపోతుంది, ఎందుకంటే ఆ ఎండకి సరైన షటర్ 1/3200 దరిదాపుల్లో ఉంటుంది. మూడో దారిలో కెమెరా తనే షటర్‌ని అక్కడికి పెంచుకుంటుంది, మనకి నష్టమేమీ లేదు. చీకటి పడ్డాక మాత్రం ఇదే దారి దెబ్బకొడుతుంది: ఐఎస్ఓ మనం పెట్టిన గరిష్ఠ హద్దుకి చేరగానే కెమెరా కనీస షటర్ మాట పక్కన పెట్టి 1/500, 1/250 అంటూ దిగిపోతుంది, చిన్న స్క్రీన్ మీద బాగానే కనపడిన ఫొటో ఇంటికెళ్ళి చూస్తే కదిలిపోయి ఉంటుంది. మాన్యువల్‌లో ఆటో ఐఎస్ఓ అయితే అదే పరిస్థితిలో ఫొటో ముదురుగా వస్తుంది, షటర్ మాత్రం కదలదు. ముదురుగా వచ్చింది బాగుచేయొచ్చు, కదిలిపోయింది ఎవ్వరూ బాగుచేయలేరు. అందుకే పగటి మ్యాచ్‌కి మూడో దారి, సాయంత్రానికి మొదటి దారి.

ఆ గరిష్ఠ హద్దు విషయంలో చాలామంది భయపడి 1600 దగ్గర కట్టేస్తారు, ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, రాకూడదని. షటర్, అపర్చర్ బిగించి ఉన్నప్పుడు సెన్సర్ మీద పడే వెలుతురు ఎలాగూ అంతే, హద్దు తగ్గిస్తే నాయిస్ తగ్గదు, ఫొటో నల్లబడుతుంది, దాన్ని తర్వాత లేపితే అదే నాయిస్, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, బయటికొస్తుంది. సెన్సర్ చిన్నదైన క్రాప్ సెన్సర్ బాడీకి 6400, ఈమధ్య వచ్చిన పెద్ద సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్‌కి 12800 ధైర్యంగా పెట్టండి. పేపర్లోనో ఫోన్లోనో చూసే ఫొటోకి ఆ గ్రెయిన్ ఎవరి కంటికీ అడ్డు రాదు, పైగా 2023లో ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్‌లోకి నాయిస్ తీసేసే ఏఐ డీనాయిస్ వచ్చాక ఆ బెంగ ఇంకా తగ్గింది.

నికాన్ వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉన్నప్పుడు మీరు మామూలుగా పెట్టిన ఐఎస్ఓ అంకె కింది హద్దుగా పనిచేస్తుంది. నిన్న రాత్రి ఇండోర్‌లో 3200 పెట్టి వదిలేసి ఇవాళ ఎండలో ఆటో ఆన్ చేస్తే అది 3200 కిందికి దిగనే దిగదు. ముందు 100కి దించి అప్పుడు ఆటో పెట్టండి.

తెల్ల డ్రెస్సు క్రికెట్‌కి ఆటో వాడితే ప్లస్ 0.7 దాకా కాంపెన్సేషన్ ఇవ్వాలి, లేకపోతే బట్టలు బూడిద రంగులో, టోపీ కింద మొహం చీకట్లో వస్తాయి. కొన్ని పాత కానన్ ఎంట్రీ లెవెల్ బాడీల్లో మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్ఓ పెడితే కాంపెన్సేషన్ ఇవ్వడానికి వీలే ఉండదు, పైగా వాటిలో చాలావాటికి కనీస షటర్ స్పీడ్ మెనూ కూడా లేదు. ఆ బాడీ మీదైతే తెల్ల డ్రెస్సు మ్యాచ్‌కి ఐఎస్ఓ చేత్తోనే పెట్టండి, నీడ గీత పిచ్‌ని అడ్డంగా కోస్తుంటే ఎండ వైపుకి ఒక మ్యాచ్, నీడ వైపుకి ఒక మ్యాచ్ అనుకుని ఏదో ఒక వైపే తీయండి, ఓవర్ మారినప్పుడు వైపు మార్చుకోండి.