గోదారికి ‘లా’ పెట్టాలా, వద్దా?

ఆషాఢంలో రాజమండ్రి దగ్గర గోదారికి ఎర్రనీరు వస్తుంది. దాని మీద కవిత రాస్తూ పోలికకు ‘లా’ పెట్టీ, పెట్టకుండానూ రెండు దారులూ పట్టి చూశాను.

‘ఎర్రచీర కట్టిన కొత్త కోడలిలా ఉంది గోదారి’ అంటే ఉపమ. ‘లా’ ఉంది కాబట్టి రిస్కు లేదు, పోలిక రంగు దగ్గరే ఆగుతుంది. కాస్త చప్పగానూ ఉంటుంది.

‘లా’ తీసేసి ‘కొత్త కోడలు గోదారి’ అంటే రూపకం. ఇక నదీ కోడలూ ఒకటే, ఆమె కథంతా వెంట వచ్చేస్తుంది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి కదా! గోదారి పుట్టిల్లు నాసిక్ దగ్గరి త్ర్యంబకం. ఈవిడేమో సముద్రుడి ఇంటికి, అంటే అత్తారింటికే పరుగెడుతోంది. తప్పు దొర్లిందని టెన్షన్ పడ్డాను గానీ, కవిత అక్కడే దొరికింది: ‘ఆషాఢమన్నా ఆగని కోడలు.’

నా ఓటు రూపకానికే. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తినప్పటి హోరుకు మాత్రం ‘లా’ చాలు.