అద్దె ఇళ్లకు సర్కారు సాయం: గ్రాంటు కొంచెం, భారమంతా అప్పుదే

పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరు 1న మొదలైంది. అందులో అద్దె ఇళ్లకు రెండు దారులు పెట్టారు.

మొదటిది, పాత కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద కట్టి ఖాళీగా వదిలేసిన ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి అద్దెకివ్వడం. ఈ పనికి పిలిచే టెండరులో దిగే ముందు ఇంటిని కాదు, దారిని చూడండి. పని దొరికే చోటికి దూరం కాబట్టే చాలా ఇళ్లు ఖాళీగా ఉండిపోయాయి. బస్సు రాని చోట గోడలకు రంగులేసినా ఎవరూ దిగరు.

రెండోది సొంత స్థలంలో కొత్తగా కట్టడం. దీనికిచ్చే సాంకేతిక గ్రాంటు 2020 నాటి అద్దె ఇళ్ల పథకంలో డార్మిటరీ పడకకు 20,000, సింగిల్ బెడ్‌రూమ్ ఇంటికి 60,000 రూపాయలు. ఇప్పుడు చదరపు మీటరుకు కేంద్రం 3,000, రాష్ట్రం 2,000 ఇస్తాయి. 30 చదరపు మీటర్ల ఇంటికి లక్షన్నర, అంటే పాతదానికి రెండున్నర రెట్లు. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ మార్పు. అయితే ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి బిగించడం) లాంటి కొత్త పద్ధతిలో కడితేనే ఈ సొమ్ము. మామూలు ఇటుక పనికి రాదు.

గ్రాంటు ఎంతవరకు ఆదుకుంటుందో తమిళనాడులో శ్రీపెరంబుదూరు పక్కన వల్లం వడగల్ చెబుతుంది. మహిళా కార్మికుల కోసం ఆ రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సిప్కాట్ అక్కడ 18,720 పడకలు కట్టింది. ఖర్చు 706.50 కోట్లు, పడకకు సుమారు 3.77 లక్షలు. కేంద్రం వాటా 37.44 కోట్లు, అంటే ఐదు శాతం పైచిలుకు. స్టేట్ బ్యాంకు అప్పు 498 కోట్లు. శ్రీసిటీలోనో పటాన్‌చెరులోనో ఇలాంటిది కట్టాలనుకునేవారు ముందు వడ్డీ లెక్క వేసుకోవాలి. ఎందుకంటే 2020 నిబంధనల్లో అద్దె రెండేళ్లకు 8 శాతం, ఐదేళ్లలో మొత్తం 20 శాతం మించి పెంచకూడదు. మొదటి అద్దె తక్కువకు కుదిరితే తర్వాత సర్దుకునే వీలుండదు. పడకలు నింపే ఫ్యాక్టరీతో ముందే రాతపూర్వక ఒప్పందం ఉంటే బ్యాంకు దగ్గర మాట చెల్లుతుంది.

పాత బ్రోచర్లలో కనిపించే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80-ఐబీఏ మినహాయింపును లెక్కలో కలపొద్దు. దానికి ప్రాజెక్టు ఆమోద గడువు 2022 మార్చి 31తోనే తీరిపోయింది.

కట్టేది ఉద్యోగినుల హాస్టలైతే 2024-25లో ఇంకో దారి ఉండేది: రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన 50 ఏళ్ల వడ్డీలేని అప్పు. అది నేరుగా బిల్డరుకు అందేది కాదు, రాష్ట్ర ప్రభుత్వం ద్వారానే రావాల్సి ఉండేది.