మందుల హోల్‌సేల్‌కి తీసుకున్న ఏఐ కనెక్టర్, మూడు నెలలు వాడాక: 5కి 2.5

మా బావగారిది విజయవాడలో మందుల హోల్‌సేల్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేరు రాయను గానీ చాలా ఏళ్ళ నుంచి అదే వాడుతున్నారు, బిల్లింగ్ వరకు వంక పెట్టడానికి లేదు. ఈమధ్య ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు ఏఐ కనెక్టర్ అని ఒకటి ఇచ్చారు, దానికి ఏడాదికి విడిగా కట్టాలి. లోపల ఉన్నది ఎంసీపీ సర్వర్, ఎంసీపీ అంటే ఏఐని బయటి సాఫ్ట్‌వేర్‌కి కలపడానికి ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 నవంబర్‌లో బయటపెట్టిన పద్ధతి, వాళ్ళదే అయిన క్లాడ్ లాంటి ఏఐకి తగిలిస్తే "డోలో 650 ఎంత ఉంది" అని తెలుగులో అడిగినా అదే వెళ్ళి స్టాక్ చూసి చెప్తుంది. సెటప్ నేనే చేశా, పావుగంట కూడా పట్టలేదు, స్పీడ్ కూడా బాగుంది.

రెండో రోజే తేడా వచ్చింది. కౌంటర్‌లో కుర్రాడు డోలో స్టాక్ అడిగితే 600 స్ట్రిప్పులు ఉన్నాయంది, వాడు ఫోన్లో ఉన్న మెడికల్ షాపాయనకి సాయంత్రానికల్లా 100 స్ట్రిప్పులు పంపిస్తానని మాటిచ్చేశాడు, తీరా ర్యాక్ దగ్గరికెళ్తే ఉన్నవి 40. స్ట్రిప్పుకి 15 మాత్రలు, 40 ఇంటూ 15 అంటే 600, అంటే వచ్చింది మాత్రల లెక్క. "స్ట్రిప్పుకీ మాత్రకీ తేడా తెలీదేంట్రా దీనికి" అని బావగారు ఏఐ మీద కోప్పడ్డారు. తప్పు దానిది కాదు. ఇలాంటి సర్వర్ లోపల ఏముందో చూపించే ఎంసీపీ ఇన్‌స్పెక్టర్‌లో తెరిచి చూస్తే, స్టాక్ చూడ్డానికి ఏఐ వాడుకునే టూల్‌కి (సర్వర్ చేసిపెట్టే ఒక్కో పనినీ టూల్ అంటారు) రాసిన వివరణ మొత్తం "గెట్స్ స్టాక్", అంతే! దాని కిందే ఫెచ్ ఇన్వెంటరీ అని ఇంకో టూల్, దానికి "ఇన్వెంటరీ డీటెయిల్స్". మొదటిది ఒక్క కౌంటర్ స్టాక్ చూస్తుందట, రెండోది గోడౌన్ కూడా కలుపుతుందట, అది సపోర్ట్‌కి ఫోన్ చేస్తే తెలిసింది నాకు. మరి మోడల్, అంటే ఆ ఏఐ, ఎవరికి ఫోన్ చేస్తుంది? దానికి కనపడేది టూల్ పేరు, ఆ వివరణ, ఏమేం పంపాలో చెప్పే స్కీమా, ఇవే, లోపలి కోడ్ కనపడదు. కొత్తగా చేరిన కుర్రాడైతే "అన్నా ఇది స్ట్రిప్పా మాత్రా" అని అడుగుతాడు, మోడల్ మాత్రం చాలాసార్లు అడక్కుండా తనకి తోచింది వేసేసుకుని అదే నిజమన్నట్టు చెప్పేస్తుంది.

దీనికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఎక్స్‌పైరీ టూల్. మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అయ్యేవి ఏమున్నాయి అని అడిగితే "ఏమీ లేవు" అంది. బావగారికి నమ్మకం కుదరక ర్యాక్‌లు చూపిస్తే నాలుగు ఐటమ్స్ దొరికాయి, టైమ్‌కి కంపెనీకి రిటర్న్ పెట్టకపోతే ఆ డబ్బంతా పోయేది. సంగతేంటంటే తేదీ మందుల మీద ఉన్నట్టు నెల, ఏడాది మాత్రమే 11/26 అని పంపాలి, ఆ మాట ఎక్కడా రాయలేదు, మోడల్ పూర్తి తేదీ పంపింది, అది అర్థంకాని టూల్ ఎర్రర్ ఇవ్వాల్సింది పోయి ఖాళీ లిస్ట్ ఇచ్చింది. "ఈ ఫార్మాట్ తప్పు, నెల/ఏడాది పంపండి" అని ఒక్క లైన్ వెనక్కిచ్చుంటే మోడల్ తనే సరిచేసుకుని మళ్ళీ అడిగేది.

ఇక లాభంలేదని ఏఐకీ వాళ్ళ కనెక్టర్‌కీ మధ్యలో నాదొక చిన్న సర్వర్ పెట్టి వివరణలన్నీ మళ్ళీ రాశా. స్టాక్ టూల్‌కి ఇలా రాశా: "కౌంటర్‌లో ఉన్న స్టాక్ మాత్రమే ఇస్తుంది, గోడౌన్‌ది కలపదు, గోడౌన్ కూడా కావాలంటే ఫెచ్ ఇన్వెంటరీ వాడాలి. వచ్చే అంకె మాత్రల్లో ఉంటుంది, స్ట్రిప్పుల్లో చెప్పాలంటే ప్యాక్ సైజ్‌తో భాగించాలి. మందు పేరు పూర్తిగా తెలియకపోతే ముందు ఐటమ్ సెర్చ్ చేసి కోడ్ తీసుకోవాలి." మూడు నాలుగు వాక్యాలే, కానీ ఆ రోజు నుంచి స్ట్రిప్పుల గొడవ మళ్ళీ రాలేదు, మోడల్ అదే, సాఫ్ట్‌వేర్ అదే. దీనికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, డబ్బులు తీసుకున్నవాళ్ళు చేయాల్సిన పని ఇది.

బిల్ అప్‌డేట్ టూల్ అయితే నేను ఆపేశా. పేరుకి అప్‌డేట్, చేసేది పాత బిల్లు క్యాన్సిల్ చేసి కొత్త నంబర్‌తో ఇంకోటి వేయడం, జీఎస్టీ బిల్లులకి నంబర్లు వరసగా నడవాలి కదా. టూల్ ఊరికే చదువుతుందా, ఉన్నదాన్ని మార్చేస్తుందా అని చెప్పడానికి ఎంసీపీలో రీడ్ ఓన్లీ హింట్, డిస్ట్రక్టివ్ హింట్ అనే గుర్తులు 2025 మార్చి వెర్షన్ నుంచే ఉన్నాయి, వీళ్ళు ఏ టూల్‌కీ పెట్టలేదు.

సపోర్ట్‌లో అమ్మాయి మాత్రం చాలా ఓపిగ్గా విన్నది, నేను రాసినవన్నీ పంపమంది, పంపా, పోయిన నెల అప్‌డేట్‌లో స్టాక్ టూల్ వివరణ నిజంగానే మార్చారు, ఆ అర మార్కు అందుకే. పక్కన కాస్త కోడింగ్ తెలిసినవాళ్ళు ఉంటే తీసుకోండి, లేకపోతే ఇప్పుడే వద్దు. మా రెన్యువల్ సంక్రాంతి తర్వాత, ఈలోపు ఎక్స్‌పైరీ టూల్ ఖాళీ లిస్ట్ బదులు ఎర్రర్ ఇవ్వడం మొదలుపెడితే కడతాం, లేదంటే బావగారు మళ్ళీ రిజిస్టర్‌లోనే రాసుకుంటా అంటున్నారు.