పిల్లలకి రేషన్ లెక్క నేర్పాలంటే పోర్టలా, ఆర్టీఐనా, తక్కెడా?

ఆంధ్ర సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు. శాతాలూ సగటులూ పుస్తకంలో బాగానే చేస్తారు. ఆ శాతాలతోనే వీధికి అందాల్సింది అందుతోందో లేదో తేల్చమంటే దిక్కులు చూస్తారు. తేల్చడానికి నాకు మూడు దారులు కనిపించాయి: ప్రభుత్వ పోర్టల్లో ఉన్న అంకెలు తీసుకోవడం, సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద రికార్డు అడగడం, తక్కెడ పట్టుకుని ఇంటింటికీ తిరగడం. మొదలుపెట్టేవాళ్లకి మూడోదే మేలంటాను.

పోర్టల్లో సుఖం ఉంది. వాన పడుతున్నా పని సాగుతుంది, కాళ్లు నొప్పెట్టవు. భాగహారానికి మంచి సరుకు కూడా దొరుకుతుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి ఇంటి మొత్తానికి 35 కిలోలు. అంత్యోదయ ఇంట్లో ఎనిమిది మంది ఉంటే తలకి 4 కిలోల 375 గ్రాములే. అందరికంటే పేదలకిచ్చే కార్డులో మనిషి వాటా తక్కువేమిటని మా గుంటలు అరగంట కొట్లాడుకున్నారు.

కానీ తూకం యంత్రాన్ని వేలిముద్ర మిషన్‌తో కలపని చోట, వేలు పడగానే పూర్తి కోటా ఇచ్చినట్టే రాసుకుంటుంది ఆ పోర్టల్. సంచిలో ఎంత పడిందో దానికేం తెలుసు?

ఒక లెక్క చూడండి. డీలరు ప్రతి కార్డుకీ అరకిలో కోస్తున్నాడనుకుందాం. పది ఇళ్లు, అన్నీ ప్రాధాన్య కార్డులే: అయిదింట్లో ఒక్కొక్కరే, మిగతా అయిదింట్లో అయిదుగురేసి. రావాల్సింది 150 కిలోలు, పోయింది 5. అంటే 3.3 శాతం. ‘ఓస్ ఇంతేనా’ అనిపిస్తుంది. ఇల్లిల్లూ విడదీస్తే అయిదుగురున్న ఇంటికి పోయింది 2 శాతం, ఒంటరి ముసలమ్మకి 10 శాతం. కోత అందరికీ ఒక్కటే, దెబ్బ మాత్రం అయిదు రెట్లు. శాతమంటే ఏమిటో నేను ఏళ్లుగా చెప్పిన పాఠాలన్నీ ఒకెత్తు, ఈ పది ఇళ్ల లెక్క ఒకెత్తు.

తక్కెడ దారిలో చిక్కులు లేకపోలేదు. చవక స్ప్రింగు తక్కెడలు అబద్ధాలాడతాయి. అందుకని ముందు కిలో ఉప్పు ప్యాకెట్లు కొన్ని తగిలించి చూడమంటాను. ముల్లు ఎంత తప్పితే అంత కాగితం మీద రాసుకోవాలి. బియ్యం ఇంటికొచ్చిన రోజే తూయాలి. ‘ఏటి బాబూ, నిన్నే గిద్దెడు వండేసినాం’ అనే అమ్మలు ఉండనే ఉంటారు. ఆ ఇల్లు లెక్కలోంచి తీసెయ్యాల్సిందే.

అన్నిటికంటే పెద్ద చిక్కు తాళాలు. దాదన్ పనికి, అంటే ముందే అడ్వాన్సు తీసుకుని దూరాలకి కూలికి, వలస పోయిన ఇళ్లు తూకంలోకి రావు, కాబట్టి హారంలోంచే జారిపోతాయి. తిండికి అందరికంటే కటకటగా ఉన్నది ఆ ఇళ్లే కావచ్చు. అందుకే మా నోటుబుక్కులో ‘తాళం’ అని ఒక గడి ఉంటుంది. పేర్లు రాయం, ఇంటికి వరస అంకె మాత్రమే. డీలరూ ఈ వీధివాడేగా, పిల్లల్లో ఒకడికి వరసకి మేనమామ కూడా. ఫిర్యాదుతో ముందుకెళ్లేది పెద్దవాళ్లే, పిల్లలు లెక్క వరకే.

మరి ఆర్టీఐ? 2005 చట్టం, 10 రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకి అదీ లేదు. జవాబుకి 30 రోజుల గడువు, దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. ముద్ర పడిన కాగితానికుండే బలం పిల్లల నోటుబుక్కుకి రాదు, ఒప్పుకుంటాను. రాజస్థాన్‌లో 1994 డిసెంబరులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పెట్టిన మొదటి బహిరంగ విచారణలో జరిగింది కూడా అదే. సర్కారు కాగితంలో ఉన్నది ఊరందరి ముందూ చదివారు, అవునో కాదో జనం చెప్పారు. కాగితమూ కావాలి, దాన్ని కాదనగలిగే ఊరి లెక్కా కావాలి. రెండోది చేతిలో లేకుండా మొదటిది తెప్పించుకుంటే పిల్లలకి అది ఒట్టి రంగు కాగితం.

పైగా మనలాంటి సరిహద్దువాళ్లకి ఇంకో మెలిక ఉంది. దరఖాస్తు ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో తెలుగులో రాసిస్తే చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. తెలుగులో విన్న ఫిర్యాదు ఒడియాలోకి మారేసరికి ఎంత బరువు తగ్గుతుందో తూయడానికి నా దగ్గర తక్కెడ లేదు.

ఈ నెల తూకాలు అయ్యాయి. ఆర్టీఐ దరఖాస్తు ఫారం-ఎ ఒడియాలో నింపే పని పదో తరగతి అమ్మాయికి అప్పజెప్పాను. అడుగుతున్నది ఒక్కటే: అదే నెలకి మా షాపు స్టాకు, పంపిణీ రిజిస్టర్ల నకళ్లు. సంతకం వాళ్ల నాన్నది.