విశాఖ వీధుల్లో కెమెరాతో మూడు రోజులు

విశాఖ వెళ్తున్నానంటే అందరూ బీచ్ ఎదురుగా రూము తీసుకోమన్నారు. మొదటి రాత్రి అలాగే తీసుకున్నాను. కిటికీలోంచి సముద్రం బ్రహ్మాండంగా కనబడింది, కానీ నాకు కావాల్సింది పనిలో ఉన్న మనుషులు. నాలుగున్నరకే బయల్దేరతానని రాత్రే చెప్పిపెట్టినా, గేటు తాళం తీసేవాళ్ళు లేక అరగంట నిలబడ్డాను. ఆ రోజే పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక లాడ్జికి మారిపోయాను. గోడలకు చెమ్మ, వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు. అయినా అద్దె సగమే, పైగా కూరగాయల బస్తాలు దించే చప్పుడుకే మెలకువ వచ్చేస్తుంది. మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను.

ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే ఇక్కడి ఉక్కకి లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. తొలిపొద్దు వెలుగు నాకు అలాగే చేజారింది. మర్నాటి నుంచి కెమెరాని రాత్రంతా సంచిలోనే ఉంచి, లేవగానే ఏసీ ఆపేసేవాణ్ణి.

ఫిషింగ్ హార్బర్‌కి మాత్రం చీకటి ఉండగానే చేరాలి. వంజరం, చందువా, రొయ్యలు, పీతలు వేటికవే కుప్పలు పోస్తారు, చుట్టూ మూగి వేలం పాట పాడతారు. నేలంతా జారుడు, మంచు పెట్టెలు మోసేవాళ్ళకి అడ్డం రాకూడదు. రొయ్యలు ఏరుతున్న ఒకావిడ తలెత్తి, "ఏటి బాబూ, మా ఫోటోలట్టుకెళ్ళి ఏటి సేత్తావు?" అంది. పక్కన కూర్చుని తీసినవి చూపించాను. ఆవిడ స్క్రీన్ మీదకి వంగి చాలాసేపు చూసింది. "ముక్కుపుడక అవుపడనేదు. మళ్ళీ తియ్యి" అని, ఎండ పడేవైపు తనే మొహం తిప్పింది. చేతులు మాత్రం రొయ్యల్లోనే ఉన్నాయి. మూడు రోజుల్లో నేను తీసిన మంచి ఫోటో అదే. అడక్కుండా తీసినవన్నీ దాని ముందు వెలవెలబోయాయి.

పాతబస్తీకి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. హార్బర్ పక్క కొండల మీద రాస్ హిల్ చర్చి, వేంకటేశ్వరస్వామి గుడి, ఇసాక్ మదీనా దర్గా దగ్గర దగ్గరగా ఉంటాయి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు ఉండదు, భక్తులే విగ్రహాన్ని తాకి పసుపు కుంకుమ పెడతారు. నేను గుడి లోపల కెమెరా తీయలేదు, బయట పూలు కట్టేవాళ్ళ వేళ్ళే తీసుకున్నాను. మార్గశిర గురువారాల్లో అయితే ఆ సందుల్లో కాలు పెట్టడమే కష్టం. నౌకాదళం గోడల వైపు మాత్రం కెమెరా ఎత్తకండి.

బీచ్ ఒడ్డునున్న కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియం. చూడదగ్గదే, కానీ వీధి ఫోటోలకి లోపలికంటే సాయంత్రం బయట ఇసకే నయం. మురీ మిక్స్చర్ (మసాలా మరమరాలు) బండి దగ్గర నిలబడితే చాలు, ఊరంతా అక్కడికే వస్తుంది. ఆటోలకి బేరం తప్పదు. భీమిలికైతే రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకోండి.

ఆఖరి రోజు ఆ రొయ్యలావిడ ఫోటో ప్రింటు తీయించి హార్బర్‌కి పట్టుకెళ్ళాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని అందుకుంది, కవరుతో సహా రొంటిన దోపుకుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం కదా, "అప్పుడు రా, మా ఇంటాయన వల బాగుసేసుకుంటాడు, ఆయన్నీ తీద్దువుగాని" అంది. మే నెలకి టికెట్ తీసుకున్నాను.