బదనిక కోతకు పొడుగు పిడి రంపం: ఏడాది వాడాక

ధర్మసాగర్ దగ్గరి మా మామిడి తోటలో పదకొండు చెట్లకు బదనిక (కొమ్మల మీద మొలిచి చెట్టు సారం పీల్చే మొక్క) పట్టడంతో, కిందటేడు కాపు దిగిన వెంటనే వరంగల్‌లోని ఒక పనిముట్ల దుకాణంలో ఈ రంపం కొన్నాను. ధర 1,650 రూపాయలు. ఒకదానిలో ఒకటి జరిగే రెండు అల్యూమినియం గొట్టాలను పూర్తిగా సాగదీస్తే 12 అడుగులు వస్తుంది, కొసన కొడవలిలా వంగిన పళ్ల రంపం ఉంటుంది.

మన మామిడి మీది బదనిక శాస్త్రీయ నామంలోనూ కొడవలి ఉంది. డెండ్రోఫ్తో ఫాల్కేటా అనే ఆ పేరులో మొదటి మాట గ్రీకు, రెండోది కొడవలి అని అర్థమిచ్చే ఫాల్క్స్ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఐరోపా బదనికకు 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరచిన పేరు విస్కమ్ ఆల్బమ్. ఆల్బమ్ అంటే తెల్లనిది, ఆ మొక్క పండ్లు తెలుపు. విస్కమ్ అన్న మాటను రోమన్లు ఆ మొక్కకూ, దాని పండ్లతో చేసి పిట్టలను పట్టే బంకకూ కూడా వాడేవారు. ద్రవాల చిక్కదనాన్ని చెప్పే విస్కాసిటీ అనే మాట పుట్టింది కూడా అందులోంచే. మనది వేరే కుటుంబపు మొక్క అయినా బంక మాత్రం అదే తీరు: పండును వేళ్ల మధ్య నొక్కితే గింజ జారిపడదు, సన్నటి తీగలా సాగి వేలికే వేలాడుతుంది. ఆ పండ్లు తిన్న చిన్న పిట్టలు గింజను కొమ్మకు రుద్ది వదిలించుకుంటాయి, అక్కడే అది మొలుస్తుంది. కోసిన ప్రతిసారీ రంపం పళ్లను కిరోసిన్ గుడ్డతో తుడవవలసి వచ్చిందీ ఈ బంక వల్లనే.

రంపం పదును విషయంలో వంక లేదు; మణికట్టు లావు కొమ్మను చీలిక లేకుండా కోస్తుంది. గొట్టాలను బిగించే కట్టు మాత్రం నాలుగో రోజుకే జారింది, మార్చి ఇమ్మంటే దుకాణదారు ఒప్పుకోలేదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాక పని సాగింది. కొనేవారు దుకాణంలోనే పూర్తిగా సాగదీసి, బరువు మోపి చూసుకోవాలి. కరెంటు తీగల దగ్గర దీన్ని ఎత్తనే కూడదు.

బదనిక కొమ్మలోకి దించే వేరును హాస్టోరియం అంటారు; నీళ్లు తోడడమనే లాటిన్ క్రియ దానికి మూలం. తోడే ఆ భాగం కొమ్మ కట్టెలోపలే ఉంటుంది కనుక, ఆకులు దూసినా, బదనిక అతుక్కున్న చోటి బుడిపె దగ్గర కోసినా చాలదు, అడుగు దిగువన కొమ్మనే తీసెయ్యాలి. మొదటిరోజు బుడిపె అంచున కోసిన రెండు కొమ్మలకు ఈ ఏడు మళ్లీ చిగురు వచ్చింది. దిగువన కోసినవాటిలో ఒక్కటీ తిరిగి మొలవలేదు.